రూపం మన ఇష్టం - పడటం పాచిక ఇష్టం

మూసాపేట: పిల్లవాడి పుస్తకాల సంచిలో పాచికలు కనబడితే ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్ళు ఉలిక్కిపడతారు. పాచిక అంటే జూదం, జూదం అంటే కొంప మునగటం అన్నది మనకు భారత కథతోబాటు అబ్బిన భయం. ఆ భయం ఊరకే పుట్టింది కాదు. అయితే ఈమధ్య పిల్లల సంచుల్లోంచీ, కుర్రకారు బల్లల మీద నుంచీ బయటపడుతున్న పాచికలు వేరు. వాటికి ఆరు ముఖాలు మాత్రమే కాదు, నాలుగు, ఎనిమిది, పది, పన్నెండు, ఇరవై ముఖాలు కూడా వుంటాయి. కొన్ని గాజులా మెరుస్తాయి. కొన్నింటి లోపల పూరేకులు, బంగారు రంగు రేకు ముక్కలు కనిపిస్తాయి. వీటితో పందెం కాయరు. కథ చెప్పుకుంటారు.

జపాను కార్టూను చిత్రాల తరహా కథలతో, నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటకు ఈ పాచికలు కావాలి. కార్టూను అంటే చిన్నపిల్లలదేనని కొట్టిపారేయటానికి లేదు. ఆ చిత్రాలకు ఇప్పుడు తెలుగు మాటలు కూడా వచ్చాయి. 2025 సెప్టెంబరు 12న మన దేశంలో విడుదలైన 'డీమన్ స్లేయర్ - ఇన్ఫినిటీ కాజిల్' చిత్రాన్ని తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లలో ఆడించారు. హైటెక్స్ ప్రాంగణంలో 2013లో మొదలైన కామిక్ కాన్ వేడుకకు కుర్రకారు అభిమాన పాత్రల వేషాలు కట్టుకుని వెళ్ళటం నగరవాసులు చూసిందే. 2022 జూన్‌లో కైతలాపూర్ పైవంతెన తెరిచాక మూసాపేట, కూకట్‌పల్లి వైపు నుంచి హైటెక్ సిటీకి దారి దగ్గరయింది. ఆ కొలువుల్లో వున్నవారు అద్దెకు దిగే ఈ పేటకు ఇలాంటి సరదాలు రావటంలో ఆశ్చర్యం లేదు.

ఆ పాచికలను ఎవరికి వారు తమ పాత్రకు తగినట్లు ప్రత్యేకంగా చేయించుకోవాలనుకోవటమే ఇందులో విశేషం. అక్కడే అసలు ప్రశ్న కూడా వుంది. ఒకరి కోసం చేయించిన పాచిక అందరికీ న్యాయంగా పడుతుందా?

కథకుడూ, వంతలూ, పాచికా

ఆట తెలియనివారికి బుర్రకథతో పోల్చి చెబితే సులువుగా అర్థమవుతుంది. నడుమ కథకుడు వుంటాడు. అటూ ఇటూ వంతలు వుంటారు. కథకుడు కథ నడుపుతుంటే వంతలు ప్రశ్నలు వేస్తారు, మలుపులు తిప్పుతారు. ఈ ఆటలో ఒకరు కథకుడు. మిగిలినవారు తలా ఒక పాత్ర. ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దారి తప్పిన యువరాజు. "కోట గోడ ఎదురుగా వుంది, ఏం చేస్తారు?" అని కథకుడు అడుగుతాడు. "దూకుతాను" అంటాడు వీరుడు. దూకగలడా, పడతాడా? బుర్రకథలో అయితే ఆ మాట కథకుడిది. ఇక్కడ పాచికది.

ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పడిన అంకెకు ఆ పాత్ర బలాన్ని కలుపుతారు. గోడ ఎక్కటానికి 12 రావాలనీ, వీరుడి బలం 3 అనీ అనుకుందాం. అప్పుడు పాచిక మీద 9 గాని, అంతకంటే ఎక్కువ గాని పడాలి. ఇరవై ముఖాలలో అలాంటివి 12. అంటే నూటికి అరవై పాళ్ళు గోడ దాటుతాడు, నలభై పాళ్ళు కిందపడతాడు. కిందపడితే కథ ఆగదు, వేరే దారి పడుతుంది. ఈ ఆటలో ఓడిపోవటానికి డబ్బు లేదు, గెలుచుకోవటానికి రాజ్యం లేదు. వున్నదల్లా తరువాత ఏం జరుగుతుందోనన్న ఆత్రం.

ఈ తరహా ఆటలకు మూలం 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ప్రచురించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. దానికి వాడిన వింత ఆకారాల పాచికలు మొదట ఆట కోసం పుట్టినవి కావు. బడి పిల్లలకు రేఖాగణితం నేర్పటానికి అమ్మే సామగ్రిలోంచి వాటిని తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో ఇరవై ముఖాల పాచిక మీద 1 నుంచి 20 దాకా అంకెలు వుండేవి కావు. 0 నుంచి 9 దాకా రెండేసి సార్లు వుండేవి. 1980ల ఆరంభంలో ఆట పెట్టెలో పాచికలతోబాటు ఒక మైనపు రంగు ముక్క కూడా పెట్టి ఇచ్చేవారు. అంకెల గాడిలో ఆ రంగు రుద్దుకుని ఎవరి పాచికను వారు సింగారించుకునేవారు. ప్రత్యేక పాచికల సరదాకు నాంది అక్కడే పడిందనవచ్చు.

ఇరవై ముఖాల రూపం అంతకంటే చాలా పాతది. ఈజిప్టులో టాలెమీల కాలం నాటివీ, రోమనుల కాలం నాటివీ అయిన ఇరవై ముఖాల రాతి పాచికలు, గ్రీకు అక్షరాలు చెక్కినవి, న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో వున్నాయి.

పాచికల్లోంచి పుట్టిన బొమ్మల కథ

జపాను చిత్రాలను చూసి ఈ ఆటలు పుట్టాయనుకుంటారు చాలామంది. నిజానికి రాకపోకలు రెండువైపులా సాగాయి. 1986లో జపానులో కొందరు మిత్రులు కూర్చుని ఈ ఆట ఆడుతూ, ఆడింది ఆడినట్లు రాసి 'కాంప్టిక్' అనే పత్రికలో అచ్చు వేయించారు. కథకుడి స్థానంలో వున్నది ర్యో మిజునో. చదివినవారికి అది బాగా నచ్చింది. 1988లో నవలగా వచ్చింది. 1990లో 13 భాగాల యానిమే చిత్రమయింది. అదే 'రికార్డ్ ఆఫ్ లోడోస్ వార్'. ఒక బల్ల మీద దొర్లిన పాచికలే తెరమీద కథకు దారి వేశాయన్నమాట.

ఎదురు దిక్కున, యానిమే చిత్రాల ఫక్కీలో ఆటలు కూడా వచ్చాయి. 1997లో కెనడాకు చెందిన గార్డియన్స్ ఆఫ్ ఆర్డర్ సంస్థ మార్క్ మెకిన్నన్ రాసిన 'బిగ్ ఐస్, స్మాల్ మౌత్' ప్రచురించింది. పెద్ద కళ్ళు, చిన్న నోరు అని దాని అర్థం. జపాను బొమ్మల ముఖాలు చూసినవారికి ఆ పేరెందుకో వేరే చెప్పనక్కరలేదు. దానికి రెండు మామూలు ఆరుముఖాల పాచికలు చాలు. 2007లో జపానులో అత్సుహిరో ఒకాడా 'ర్యూతమ' అనే ఆట రాశాడు. అందులో యుద్ధాలకంటే ప్రయాణాలు ఎక్కువ. వాన, ఎండ, ఆకలి, నడక ఇవే కష్టాలు. ఒక పాత్రకు బలం ఎంత, తెలివి ఎంత అన్నది పాచిక ముఖాల సంఖ్యతోనే చెబుతారు. బలహీనుడికి నాలుగు ముఖాలది, గట్టివాడికి ఎనిమిది ముఖాలది. పాచికే పాత్ర ఒడ్డూ పొడుగూ అన్నమాట. అలాంటి ఆటలో నా పాత్రకు నా పాచికలు కావాలని కోరుకోవటం వింత కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. 2006లో ర్యో కమియా రాసిన 'యూయాకే కోయాకే' ఆటలో మనుషుల రూపం ఎత్తే నక్కలు, పిల్లులు పల్లెటూరి జనానికి సాయం చేస్తుంటాయి. దానికి పాచికలే లేవు. కాబట్టి వేలు పోసి పాచికలు కొంటేనే ఆట అనుకోనక్కరలేదు.

ఏడు పాచికల లెక్క

మామూలుగా ఒక సెట్టులో ఏడు పాచికలు వుంటాయి. నాలుగు, ఆరు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాలవి ఒక్కొక్కటి. పది ముఖాలవి రెండు. ఆ రెంటిలో ఒకటి పదుల స్థానానికి, రెండోది ఒకట్ల స్థానానికి. రెండూ కలిపి వేస్తే నూటిలోపు అంకె వస్తుంది.

ముఖాలన్నీ ఒకే కొలత, మూలలన్నీ ఒకే తీరుగా వుండే ఘనరూపాలు లోకంలో అయిదే వున్నాయని గ్రీకులు రెండువేల ఏళ్ళకు పూర్వమే నిరూపించారు. 4, 6, 8, 12, 20 ముఖాలు. సెట్టులో పది ముఖాల పాచిక ఆ అయిదింటిలోది కాదు. దాని ముఖాలు గాలిపటం ఆకారంలో వుంటాయి. మూలలు ఒకేలా వుండకపోయినా ముఖాలన్నీ సరిసమానం కనుక న్యాయానికి లోటు లేదు. నాలుగు ముఖాల పాచిక మరో చిత్రం. అది పడినప్పుడు పైకి ముఖం వుండదు, మొన వుంటుంది. అందుకే అంకెలను మొన దగ్గర గాని, అడుగు అంచున గాని రాస్తారు.

అంకెలు ఎలా సర్దాలన్నదానికీ ఒక కట్టుబాటు వుంది. మామూలు పాచికలో ఎదురెదురు ముఖాలు కలిపితే 7. ఎనిమిది ముఖాల దానిలో 9, పన్నెండులో 13, ఇరవైలో 21. పెద్ద అంకెలన్నీ ఒకే పక్కన గుంపు కడితే, ఆ పక్క కొంచెం తేలికయినా చాలు, ఆట తప్పుదారి పడుతుంది. ఈ కట్టుబాటు అన్ని కాలాల్లోనూ ఇలాగే లేదు. మొహెంజొదారోలో దొరికిన మట్టి పాచికల్లో 1కి ఎదురుగా 2, 3కి ఎదురుగా 4, 5కి ఎదురుగా 6 వున్నాయి.

శకునికి వేరే సెట్టు

ఒక మనిషి కోసం ప్రత్యేకంగా చేసిన పాచికలు అనగానే మన జనానికి గుర్తు వచ్చేది శకుని. తండ్రి ఎముకలతో చేసిన పాచికలనీ, అతను కోరిన అంకె పడేదనీ చెప్పుకుంటారు. ఈ ఎముకల కథ వ్యాస భారతంలో లేదు. జనం నోట పెరిగిన కథ. అయినా అందులో ఒక గట్టి నీతి వుంది. రూపం ఎవరి కోసం చేసినా సరే, పడటం కూడా వారి కోసమే అయితే అది పాచిక కాదు, మోసం.

భారతంలోనే దీనికి విరుగుడు కూడా వున్నది. నలచరిత్రలో ఋతుపర్ణుడు రథం మీద వెళుతూ ఒక తాండ్రచెట్టును చూసి దాని ఆకులు, కాయలు లెక్క కట్టి చెబుతాడు. నలుడు రథం ఆపి లెక్క సరిచూసుకుంటాడు. ఆ లెక్క విద్యతోబాటు అక్షహృదయాన్ని, అంటే పాచికల మర్మాన్ని, నేర్చుకుంటాడు. చెట్టు తాండ్రదే కావటం కాకతాళీయం కాదు. వేదకాలంలో పాచికలుగా వాడింది తాండ్రకాయలనే. త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయలతో కలిసే తానికాయ అదే. జూదంలో అన్నీ పోగొట్టుకున్న నలుడిని ఒడ్డున పడేసింది అదృష్టం కాదు, లెక్క. ఇప్పటి కుర్రవాళ్ళు గ్రహించవలసిందీ అదే.

బాలానగర్‌లో 'డై' అంటే

ఇంగ్లీషులో ఒక్క పాచికను 'డై' అంటారు. మూసాపేట నుంచి బాలానగర్ వైపు నాలుగడుగులు వేసి ఏ వర్క్‌షాపులోనైనా 'డై' అని అడిగితే పాచిక చూపించరు, అచ్చు చూపిస్తారు. రేకును నొక్కి, ప్లాస్టిక్‌ను పోసి ఒకే వస్తువును వేల సార్లు తీసే ఉక్కు అచ్చు అది. బాలానగర్, సనత్‌నగర్, ప్రశాంత్‌నగర్ చిన్న పరిశ్రమల మధ్య వున్న పేట మూసాపేట. 1968లో కేంద్ర ప్రభుత్వం బాలానగర్‌లో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఈ పనికే కుర్రవాళ్ళను తయారు చేస్తూ వచ్చింది. 1942లో మొదలైన సనత్‌నగర్ అల్విన్ కంపెనీ 1980లలో జపాను సీకో సాంకేతిక సహకారంతో చేతి గడియారాలు కూడా చేసింది. ఆ కంపెనీ ఇప్పుడు లేకపోయినా, మిల్లీమీటరులో నూరో వంతు తేడాను పట్టుకునే చేయి ఈ చుట్టుపక్కల కొత్తది కాదు.

ఈ మాట ఎందుకంటే, పాచిక తయారీలో సమస్తమూ అచ్చులోనే వుంది. కర్మాగారంలో పాచికలను ప్లాస్టిక్ కరిగించి ఉక్కు అచ్చులో ఒత్తిడితో నింపి తీస్తారు. అచ్చు నుంచి తెగిన చోట బొడిపె మిగులుతుంది. దాన్ని పోగొట్టటానికీ, మెరుపు రావటానికీ వేల పాచికలను కలిపి పీపాలో దొర్లిస్తారు. దొర్లేటప్పుడు అంచులు అరుగుతాయి. అన్నీ ఒకేలా అరగవు. అమెరికాలో లూ జోకీ అనే ఆయన దశాబ్దాల పాటు ఈ అన్యాయం మీదనే ప్రచారం చేశాడు. దొర్లించని, పదునైన అంచుల పాచికలు అమ్మాడు. 1985లో నూరు ముఖాల పాచిక కూడా తెచ్చాడు. అది ఇంచుమించు బంతి. దొర్లటం మొదలుపెడితే ఒక పట్టాన ఆగేది కాదు.

ఇంట్లో పోసేవారు తెలుసుకోవలసినవి

చేత్తో చేసే ప్రత్యేక పాచికల పద్ధతి వేరు. ముందుగా కంప్యూటరులో రూపం గీసి, త్రీడీ ప్రింటరు మీద మూల పాచిక తీస్తారు. దాని ముఖాలను ఎమరీ కాగితంతో అద్దంలా నునుపు చేస్తారు. దాని చుట్టూ సిలికోన్ పోస్తే రబ్బరు అచ్చు తయారవుతుంది. ఆ అచ్చులో రెండు పాళ్ళ ఎపాక్సీ రెజిన్ కలిపి, రంగు వేసి పోస్తారు. గట్టిపడ్డాక తీసి, పైముఖం అరగదీసి, అంకెల గాడిలో రంగు నింపుతారు.

ఇందులో మూడు చోట్ల పాచిక చెడుతుంది. మొదటిది గాలి బుడగ. లోపల బుడగ మిగిలిన పక్క తేలికవుతుంది. అందుకే పోసిన అచ్చును ఒత్తిడి డబ్బాలో పెట్టి, చదరపు అంగుళానికి 40 పౌన్ల దాకా గాలి నింపి బుడగలను నలిపేస్తారు. రెండోది అరగదీత. మూత తీసిన ముఖాన్ని ఎక్కువ రుద్దితే ఆ ముఖం లోతుకు పోయి కొలత తప్పుతుంది. మూడోది లోపల పెట్టే అలంకారం. పూరేకు, మెరుపు పొడి తేలికవి. ఇనుప ముక్కో, రాయో పెడితే అది వున్న పక్కకు బరువు తూగుతుంది.

ఒక హెచ్చరిక. ఒత్తిడి డబ్బా లేదు గదా అని వంటింటి కుక్కరుకు కంప్రెసరు తగిలించే ఆలోచన ఎవరికీ రాకూడదు. కుక్కరు పనిచేసే ఒత్తిడి ఇందులో సగం కూడా వుండదు. పేలితే ప్రాణం మీదకు వస్తుంది. గట్టిపడని ఎపాక్సీ చర్మానికి తగిలితే దురద, దద్దుర్లు రావచ్చు, ఒకసారి పడకపోతే ఆ తరువాత ఎప్పుడూ పడదు. చేతులకు నైట్రైల్ తొడుగులు, గదికి గాలి తప్పనిసరి. రుద్దేటప్పుడు పొడి రేగకుండా నీళ్ళతో తడిపి రుద్దాలి. రెండు గదుల వాటాలో వంటగట్టు మీద, అన్నం గిన్నెల పక్కన చేసే పని కాదిది. చిన్నపిల్లలున్న ఇంట్లో పాచికలను నోట్లో పెట్టుకోకుండా చూసుకోవాలి.

అమ్మదలచినవారికి మరి రెండు మాటలు. 14 ఏళ్ళలోపు పిల్లల ఆటవస్తువులకు ఐఎస్ఐ గుర్తు వుండాలన్న కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అభిరుచి కొద్దీ నాలుగు సెట్లు పోసి మిత్రులకు ఇవ్వటం వేరు, పిల్లల బొమ్మగా బజారులో పెట్టటం వేరు. అలాగే యానిమే పాత్రల బొమ్మలకు హక్కుదారులు వున్నారు. మీ పాచిక మీద మీ వీరుడి గుర్తు మీరే ఊహించి గీసుకోండి. ఇంకొకరి పాత్రను చెక్కి సొమ్ము చేసుకోవాలంటే అనుమతి కావాలి.

అంకెల విషయంలో మనవాళ్ళు ఒక కొత్తదనం చూపవచ్చు. మైలురాళ్ళ మీద, పంచాంగాల్లో తప్ప కనబడకుండా పోయిన తెలుగు అంకెలు ౧, ౨, ౩ లను పాచిక మీదకు తేవచ్చు. ఇరవై లెక్కల పుస్తకాలు చేయలేని పని ఇరవై ముఖాలు చేస్తాయి. అయితే అంకె తలకిందులయితే మరో అంకెలా కనబడుతుందేమో ముందే చూసుకుని, అడుగున గీత పెట్టటం మరవరాదు.

నిజం చెప్పే పరీక్ష

పాచిక అందంగా వుందా అన్నది కన్ను చెబుతుంది. నిజాయితీగా వుందా అన్నది లెక్క చెప్పాలి. కొందరు గ్లాసుడు నీళ్ళలో పాచిక తేలేదాకా ఉప్పు కలిపి, వేలితో తిప్పి, ఏ ముఖం పైకి వస్తుందో చూస్తారు. మాటిమాటికీ ఒకే అంకె పైకి వస్తుంటే బరువు సమంగా లేదని అనుమానించవచ్చు. కాని కొలతలో తప్పును ఈ పరీక్ష పట్టలేదు. బరువైన పాచికలు ఎంత ఉప్పు వేసినా తేలవు.

అంతకంటే నమ్మకమైన పద్ధతి కాగితం, పెన్సిలు. ఆరు ముఖాల పాచికను 60 సార్లు వేయండి. ఒక్కో ముఖం పదేసి సార్లు పడాలన్నది అంచనా. ఉదాహరణకు 7, 11, 9, 12, 8, 13 సార్లు పడ్డాయనుకుందాం. ఒక్కొక్కటి పదికి ఎంత తేడా వుందో చూసి ఆ తేడాను దానితోనే హెచ్చవేయాలి. 9, 1, 1, 4, 4, 9 వస్తాయి. మొత్తం 28. ఈ మొత్తం 110 లోపు వుంటే పాచికను తప్పు పట్టటానికి ఆధారం లేదు. ఇరవై ముఖాల దానికి 200 సార్లు వేసి ఇలాగే లెక్క కడితే మొత్తం 301 లోపు వుండాలి. నిజాయితీ గల పాచిక కూడా ఇరవై పరీక్షల్లో ఒకసారి గీత దాటవచ్చు గనుక, దాటిందని వెంటనే పారేయకండి. మళ్ళీ పరీక్షించండి. రెండుసార్లూ దాటితే దాన్ని అలంకారానికి వుంచుకోవచ్చు, ఆటకు పనికిరాదు.

ఇద్దరు కూర్చుని ఒకరు వేస్తూ, ఒకరు రాస్తూ వుంటే ఒక సాయంత్రం పని. ఇంటర్‌లో సంభావ్యత పాఠం అర్థం కాని పిల్లలకు ఇంతకంటే మంచి ట్యూషను లేదు.

అష్టా, చెమ్మా - మన సెట్టు

ఖర్చు లేని సెట్టు కావాలంటే పోపుల డబ్బా పక్కనే చింతపండు బుట్ట వుంది. రెండు చింతగింజలను నిలువునా చీలిస్తే నాలుగు బద్దలు. ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు. గవ్వలు దొరికితే నాలుగు గవ్వలు. ఇవీ పాచికలే. తేడా ఏమిటంటే, ఒక్కొక్కదానికి రెండే ముఖాలు.

నాలుగూ కలిపి వేస్తే పదహారు విధాలుగా పడగలవు. ఒక్క తెలుపు వచ్చే విధాలు 4, రెండు తెలుపులు 6, మూడు తెలుపులు 4. నాలుగూ తెల్లగా పడేది ఒక్క విధం, అది చెమ్మ. నాలుగూ నల్లగా పడేదీ ఒక్క విధమే, అది అష్ట, ఎనిమిది. అన్నింటికంటే అరుదుగా పడే ఆ రెండు పందాల పేర్లే కలిపి మన పెద్దలు ఆటకు పేరు పెట్టారు. అవి పడ్డవారికి మళ్ళీ వేసే హక్కు ఇచ్చారు. లెక్క తెలియకుండా చేసిన ఏర్పాటు కాదిది.

ఇరవై ముఖాల పాచిక మీద 20 పడితే ఆ బల్ల చుట్టూ కేకలు లేస్తాయి. అది పడే అవకాశం నూటికి 5. మన చెమ్మ పడే అవకాశం పదహారింట ఒకటి, అంటే నూటికి 6.25. ఇంచుమించు అంతే. కాబట్టి కథల ఆటను చింతబద్దలతో ఆడటానికి అడ్డేమీ లేదు. సులువైన పనికి రెండు తెలుపులు గాని, అంతకంటే ఎక్కువ గాని రావాలని పెట్టుకుంటే పదహారింట పదకొండు సార్లు నెగ్గుతారు. కష్టమైన పనికి మూడు రావాలంటే పదహారింట అయిదు. చెమ్మ పడితే వీరుడి ఘనకార్యం, అష్ట పడితే ఎవరూ ఊహించని మలుపు. కథకు కోటలు, డ్రాగన్లే కావాలని లేదు. బాలనాగమ్మ కథ లాంటి జానపదాలు మనకు కొల్లలు. జపాను వాళ్ళు తమ నక్కల కథలతో ఆటలు అల్లుకోగా లేనిది, మనం మర్రిచెట్టు తొర్రలోని చిలుకతో అల్లుకోలేమా?

ఈ లెక్క బద్ద నలుపు, తెలుపు సమంగా పడుతుందన్న భరోసా మీద నిలుస్తుంది. ఒక్కో బద్దను విడిగా నూరుసార్లు వేసి చూస్తే దాని తీరు తెలుస్తుంది. 40కీ 60కీ మధ్య తెలుపులు వస్తే ఫర్వాలేదు. లేకుంటే మరికాస్త అరగదీయాలి.

పందెం ఎక్కడ మొదలవుతుంది

ఇంతకూ పెద్దవాళ్ళ భయం సంగతి ఏమిటి? అది తీసిపారేయదగినది కాదు. 1974 నాటి గేమింగ్ చట్టానికి తెలంగాణ ప్రభుత్వం 2017లో సవరణ తెచ్చి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ వంటి ఆటలను కూడా నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ డబ్బు పందాల ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఈ చట్టాలు ఊరికే రాలేదు. ఎన్నో ఇళ్ళు అప్పుల పాలయ్యాక వచ్చాయి. ఆ ఆటల్లో చాలావాటికి పాచికే లేదన్న సంగతి మాత్రం గమనించాలి. కొంపలు ముంచింది పందెం, పాచిక కాదు.

కాబట్టి తల్లిదండ్రులు అడగవలసింది "పాచికలు ఎందుకు?" అని కాదు. "డబ్బు ఏమైనా పెడుతున్నారా? ఎవరెవరు ఆడుతున్నారు? ఎన్ని గంటలు?" అని. పందెం లేని చోట పాచిక బొమ్మ. అయినా ఒక సందు వుంది. ప్రత్యేక పాచికలు ఒక సెట్టుతో ఆగవు. ఈ రంగు, ఆ రంగు, లోపల ఏముందో చెప్పకుండా అమ్మే పొట్లాం - ఇలా కొనే కొద్దీ కొనబుద్ధవుతుంది. ఆటలో పందెం లేకపోయినా కొనటంలో పందెం దూరుతుంది. జేబు చూసుకుని అడుగు వేయటం కుర్రవాళ్ళ వంతు.

బడులూ, గ్రంథాలయాలూ పూనుకుంటే ఇది ఖర్చులేని మంచి కాలక్షేపం అవుతుంది. వేసవి సెలవుల్లో పిల్లలను కూర్చోబెట్టి నాలుగు చింతబద్దలు, ఒక కథ ఇచ్చి చూడవచ్చు. టూల్ డిజైన్ చదివే విద్యార్థులకు ఇరవై ముఖాల పాచికకు అచ్చు తీయమని పని ఇస్తే, కొలత తప్పితే ఏమవుతుందో పరీక్ష పేపరు కంటే పాచికే బాగా చెబుతుంది. సంబంధిత అధ్యాపకులు ఆలోచించాలి.

రంగు మీకు నచ్చినది వేయించుకోండి. మీ వీరుడి గుర్తు చెక్కించుకోండి. తెలుగు అంకెలు రాయించుకోండి. బల్ల మీద వదిలాక మాత్రం అది ఎదుటివాడి పాచిక ఎలా పడుతుందో అలాగే పడాలి. 200 సార్లు వేసి, లెక్క కట్టి, ఆ కాగితాన్ని సెట్టు డబ్బాలో పెట్టి ఇచ్చే తయారీదారు ఈ బాలానగర్ - మూసాపేట చుట్టుపక్కల నుంచి బయలుదేరితే కొనేవారికి అంతకంటే కావలసింది లేదు.